భూగోళ శాస్త్రజ్ఞుల ప్రాంతీయ సదస్సు: ఉనికి, విస్తీర్ణం, భోజన విరామం

పటం మీది దూరానికీ నేల మీది దూరానికీ ఉండే నిష్పత్తిని భూగోళ శాస్త్రం స్కేలు అంటుంది. ఇందులో ఒక తిరకాసు ఉంది: ఒక ఊరిని గడపగడపనా చూపే 1:10,000 పటం పెద్ద స్కేలు పటం కాగా, దేశమంతటినీ ఒకే కాగితంలో ఇరికించే పటం చిన్న స్కేలు పటం, విద్యార్థులు దీన్ని తలకిందులుగా రాయడం, అధ్యాపకులు మార్కులు కోయడం ఏటా జరిగే తంతు. సదస్సుల పేర్లు కూడా ఈ తిరకాసునే అనుసరిస్తాయి. 1922లో ఏర్పడిన అంతర్జాతీయ భూగోళశాస్త్ర సంఘం నాలుగేళ్లకొకసారి మహాసభ జరుపుతూ, నడుమ జరిపే సభలను వినయంగా ప్రాంతీయ సదస్సులని పిలుచుకుంటూ వచ్చింది. 2013లో క్యోటోలో, 2014లో క్రాకోలో, 2015లో మాస్కోలో జరిగిన ఈ "ప్రాంతీయ" సభలకు జనం ఖండాలు దాటి వచ్చారు. తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో మాత్రం చుట్టుపక్కల నాలుగు జిల్లాల వారు కూడితే ఫ్లెక్సీ మీద అది జాతీయ సదస్సు అవుతుంది, ఆపై విదేశీ ఆచార్యుడొకరు తెర మీద కనిపించి పది నిమిషాలు మ్యూట్‌లో మాట్లాడితే అంతర్జాతీయమవుతుంది. కాబట్టి ఆహ్వానపత్రం మీద నిజంగానే "ప్రాంతీయ" అని అచ్చయి ఉంటే, నిర్వాహకులు సత్యసంధులైనా అయి ఉండాలి, వారికి అందిన నిధులు మరీ స్వల్పమైనా అయి ఉండాలి.

ప్రారంభ సభ తొమ్మిదిన్నరకని ఆహ్వానపత్రం చెబుతుంది గాని, ముఖ్య అతిథి రాక, జ్యోతి ప్రజ్వలన, బొకేలు, శాలువాలు, మెమెంటోలు కలిసి దాన్ని పదకొండున్నరకు చేరుస్తాయి. దీన్ని ఆలస్యమనడం శాస్త్రం తెలియనివారి మాట. భారత ప్రామాణిక కాలాన్ని కాకినాడ సమీపంగా సాగే 82°30' తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. ఒక్కొక్క రేఖాంశానికి స్థానిక కాలంలో, అంటే సూర్యుడి గమనాన్ని బట్టి ఆ చోట ఉండే సమయంలో, నాలుగు నిమిషాల తేడా వస్తుంది. ఆ లెక్కన రెండు గంటల తేడాకు ముప్పై డిగ్రీలు పడమరకు జరిగితే 52°30' వస్తుంది కనుక, ప్రారంభ సభ అరేబియా ద్వీపకల్పపు స్థానిక కాలం ప్రకారం సరిగ్గా తొమ్మిదిన్నరకే మొదలైందని తేలుతుంది. నిర్వాహకులకు ఈ సమర్థన ఇంతవరకు తట్టకపోవడమే వింత.

సదస్సులో చదివే పత్రాల్లో అధికభాగం ఒకే శీర్షికకు వేర్వేరు మండలాలు తగిలించగా పుట్టినవి: ఉపగ్రహ చిత్రాల, జి.ఐ.ఎస్.ల సాయంతో ఫలానా మండలంలో భూవినియోగ మార్పుల అధ్యయనం. జి.ఐ.ఎస్. అంటే భౌగోళిక సమాచార వ్యవస్థ, నేల మీది చెరువును, రోడ్డును, పొలాన్ని వాటి ఉనికితో ముడిపెట్టి కంప్యూటర్‌లో పొరలు పొరలుగా దాచే ఏర్పాటు. చెరువులు కుంచించుకుపోయాయనీ, ఇళ్లు పెరిగాయనీ దాదాపు ప్రతి పత్రమూ తేలుస్తుంది. ఆ ఊరి గొర్రెల కాపరి కూడా ఈ సంగతి చెప్పగలడు గాని, అతని మాటకు ఉత్తర దిక్కు బాణం గుర్తు ఉండదు. పత్రం చదవడానికి ఇచ్చేది పది నిమిషాలు. అందులో మొదట భారతదేశ పటం, దానిలో రాష్ట్రం, రాష్ట్రంలో జిల్లా, జిల్లాలో మండలం వరుసగా తెరమీదికి వస్తాయి, ఆ గదిలో భారతదేశం ఎక్కడుందో తెలియనివారు ఒక్కరూ లేకపోయినా ఈ క్రమాన్ని మీరడం అపచారమే. ఎనిమిదో నిమిషానికి పరిశోధకుడు మండలంలో అడుగుపెడతాడు, తొమ్మిదో నిమిషానికి అధ్యక్షుడు గంట కొడతాడు.

ఆ పటాలకు మరొక గండం ఉంది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయి, 2019లో 33కు పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. 2013లో మక్తల్ మండలాన్ని పరిశోధనకు ఎంచుకున్నవాడు ఒక్క అడుగైనా కదలకుండా 2014లో రాష్ట్రం మారి, 2019లో మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట జిల్లాకు తరలిపోయాడు. వలసల అధ్యయనంలో ఈ రకానికి ఇంకా పేరు పెట్టలేదు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడడంతో ఇలాంటివారు 2011 నాటి జనాభాను, అప్పటికి పుట్టని జిల్లాలకు పంచి పెట్టుకుంటూ వచ్చారు. నిజానికి సదస్సు మొత్తంలో అసలైన పాండిత్యం కనిపించేది ఈ పంపకంలోనే, అయితే దాని గురించి ఎవరూ ప్రశ్న అడగరు.

స్వీడన్ శాస్త్రజ్ఞుడు టోర్‌స్టెన్ హేగర్‌స్ట్రాండ్ ప్రాంతీయ విజ్ఞాన సదస్సు ఒకదానిలో 1969లో కోపెన్‌హాగెన్‌లో ప్రసంగించి, 1970లో అచ్చు వేయించిన సిద్ధాంతాన్ని కాల భూగోళశాస్త్రం అంటారు. మనిషి కదలికలను మూడు నిర్బంధాలు శాసిస్తాయని ఆయన చెప్పాడు: ఆకలి, నిద్ర వంటి దేహధర్మాలు తెచ్చేవి మొదటివి; పని జరగాలంటే ఇతరులతో ఒకే వేళకు ఒకే చోట ఉండవలసి రావడం రెండవది; ఫలానా చోటికి ఫలానావారికే ప్రవేశమనే అధికారం మూడవది. ఇంత చక్కగా ఈ మూడూ కలిసివచ్చే చోటు సదస్సు తప్ప మరొకటి కనిపించదు కనుక, ఆయనకు ఆ ఆలోచన సదస్సుల్లో కూర్చుని ఉండగానే వచ్చిందని ఊహించడం తప్పు కాదు. ఒకేసారి నాలుగు గదుల్లో టెక్నికల్ సెషన్లు నడుస్తుంటే రెండవ నిర్బంధం వల్ల పత్రం చదివేవాడికి శ్రోతలు కరువవుతారు. గదిలో ఉండేది తర్వాత చదవవలసినవారే, వారూ తమ స్లైడ్లు సరిచూసుకుంటూ ఉంటారు. ఒంటిగంటకు మొదటి నిర్బంధం మిగిలిన రెంటినీ జయిస్తుంది, ఆ సమయానికి భోజనశాల నుంచి వచ్చే పులిహోర పోపు వాసనను ఎంతటి కీలకోపన్యాసమైనా ఎదుర్కోలేదు. మూడవ నిర్బంధం మాత్రం భోజనశాలలోనే వెలుస్తుంది, అతిథులకు వేరే గది, కూపన్ ఉన్నవారికి వేరే వరుస.

అన్నీ ఒకదానితో ఒకటి సంబంధం కలవే గాని దగ్గరివి దూరపువాటికన్నా ఎక్కువ సంబంధం కలవని వాల్డో టోబ్లర్ 1970లో చెప్పిన సూత్రం ఈ శాస్త్రానికి మొదటి నియమంగా ప్రసిద్ధికెక్కింది. టీ విరామంలో ఒకే విశ్వవిద్యాలయం వారు ఒకే బల్ల చుట్టూ చేరడం, ఊళ్లో రోజూ చూసుకునే ముఖాలనే రెండు వందల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చి మళ్లీ చూసుకోవడం అందుకు తిరుగులేని నిదర్శనాలు.

రెండో రోజు మధ్యాహ్నం సమాపన సభ ఉంటుంది. సర్టిఫికెట్లు అప్పుడే ఇస్తామని నిర్వాహకులు మొదటి రోజు నుంచే ప్రకటిస్తూ ఉంటారు, భోజనం తర్వాత హాలు ఖాళీ కాకుండా ఆపగల శక్తి వాటికి తప్ప మరే ఉపన్యాసానికీ లేదని వారికి తెలుసు. పాఠశాలల్లో భూగోళాన్ని ప్రత్యేక సబ్జెక్టుగా బోధించాలనే తీర్మానం ఎప్పటిలాగే ఏకగ్రీవంగా ఆమోదం పొందుతుంది. భిన్నాభిప్రాయం ఉన్నవారు తమ సర్టిఫికెట్ తీసిపెట్టమని పక్కవారికి చెప్పి అప్పటికే నాలుగున్నర బస్సెక్కి ఉంటారు.