సంబంధం చెప్పు, అప్పుడు జట్టు కట్టు

మా రోజుల్లో మాటల ఆట అంటే ఇల్లంతా గోల గోలగా ఉండేది. చందమామ వచ్చిన రోజున ఫొటో వ్యాఖ్యల పోటీ పేజీ కోసం అన్నదమ్ములం పోట్లాడుకునేవాళ్లం. రెండు ఫొటోలు ఇచ్చేవారు. ఒక్కోదానికి ఒకటి రెండు మాటల్లో వ్యాఖ్య రాయాలి, ఆ రెండు వ్యాఖ్యలకీ సంబంధం కుదరాలి. కార్డు మీద రాసి మద్రాసు పంపేముందు నాన్నగారికి వినిపించాలి. "ఏం సంబంధంరా ఈ రెంటికీ?" అని అడిగేవారు. చెప్పలేకపోతే ఆ కార్డు పోస్టు డబ్బా మొహం చూసేది కాదు.

ఇప్పుడు న్యూజెర్సీలో ఉన్న మా మనవలు పొద్దున లేస్తూనే ఫోన్లో 'కనెక్షన్స్' ఆడుతున్నారు. హైదరాబాదులో ఉన్నవాళ్లదీ అదే వరస. న్యూయార్క్ టైమ్స్ వాళ్లు 2023 జూన్ 12న మొదలుపెట్టిన ఆట ఇది. రోజూ 16 మాటలు ఇస్తారు. వాటిని నాలుగేసి చొప్పున నాలుగు జట్లుగా విడగొట్టాలి. నాలుగు తప్పులు చేస్తే ఆట ముగిసినట్టే. పసుపు జట్టు అన్నిటికన్నా తేలిక, ఊదా జట్టు అన్నిటికన్నా కష్టం. ఆట మంచిది, ఆ మాట ముందే చెబుతున్నాను. దాని సంపాదకురాలు వైనా లియూ. ఒకే మాట రెండు మూడు జట్లలో ఇమిడేట్టు పెట్టి ఆడేవాణ్ణి తికమక పెట్టడం చిన్న విద్య కాదు.

నా బాధ ఆట మీద కాదు, ఆడే తీరు మీద. మూడు జట్లు కుదిరితే మిగిలిన నాలుగు మాటలూ నాలుగో జట్టు. అవెందుకు కలిశాయో ఆడినవాడికి తెలిసినా తెలియకపోయినా ఫోను శభాష్ అనేస్తుంది. ఇంగ్లండులో బీబీసీ వాళ్ల 'ఓన్లీ కనెక్ట్' అనే క్విజ్ 2008 నుంచీ వస్తోంది. అందులోనూ ఇలాంటి 16 మాటల గోడ ఉంది. అక్కడ ముగ్గురు కలిసి, పైకి మాట్లాడుకుంటూ, రెండున్నర నిమిషాల్లో తేల్చాలి. జట్టు కట్టినందుకు ఒక మార్కు, ఆ నాలుగింటికీ ఉన్న సంబంధం నోటితో చెప్పినందుకు వేరే మార్కు. మా నాన్నగారు అడిగిన ప్రశ్నే అది. ఫోను ఆ ప్రశ్న అడగదు, పిల్లలూ తమను తాము అడుక్కోరు. ఆడాక కుటుంబం గ్రూపులో రంగురంగుల గళ్లు పంపిస్తారు. మాటలతో ఆడిన ఆట గురించి పంపే కబురులో ఆ మాటల్లో ఒక్కటీ ఉండదు! పైగా కాస్త ఆలస్యంగా లేచినవాడికి సూచనలు, జవాబులు ఇంటర్నెట్లో సిద్ధం. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్లు గళ్ల నుడికట్లు కూర్చిన రోజుల్లో జవాబు కావాలంటే వచ్చే సంచిక దాకా ఆగాలి. ఈలోగా బస్సులో పక్కసీటాయన్ని, ఆఫీసులో హెడ్ గుమాస్తాని, పెరట్లో పని చేసుకుంటున్న అత్తయ్యని అడుగుతూ తిరిగేవాళ్లం. తెలిసిన మాట కన్నా తెలియని మాటే ఎక్కువమందిని కలిపేది.

మాటల్ని జట్లు కట్టడం మనకేం కొత్త కాదు. అమరకోశం అంతా అదే కదా! స్వర్గవర్గం, వారివర్గం, వనౌషధివర్గం అంటూ అర్థాన్ని బట్టి మాటలన్నీ ఒకచోట చేర్చారు. ఆఖరి కాండలో నానార్థవర్గం ఉంది, ఒకే మాటకు ఎన్ని అర్థాలున్నాయో చెప్పేది. అది కంఠతా వచ్చినవాణ్ణి ఏ పజిలూ సులువుగా బోల్తా కొట్టించలేదు. అవధానంలో దత్తపది చూడండి. పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు మాటలిచ్చి, ఫలానా విషయం మీద పద్యం చెప్పమంటాడు. లేని సంబంధాన్ని అవధాని సభలో అప్పటికప్పుడు పుట్టించాలి.

ఇంకొక సంగతి. ఆ కనెక్షన్స్ పజిల్ నిండా అమెరికా పాటగాళ్లు, బేస్‌బాల్, అక్కడి సరుకుల పేర్లు. అక్కడ పుట్టిన మనవరాలికి అవి ఇంటి సంగతులు. తెనాలిలో పెరిగిన పిల్లవాడు వాటిని ఊహించి నొక్కాలే తప్ప గుర్తుపట్టలేడు. మనకు మాటల కరువా? యువ, విపుల, చతుర అని పెట్టండి. నాలుగో పత్రికగా స్వాతి వచ్చి కూర్చుంటుంది. పక్కనే చిత్త, మఖ, హస్త ఉన్నాయి, నక్షత్రాల్లోకీ స్వాతి కావాలి. పోనీ అక్కడ విశాఖను వేద్దామంటే ఒంగోలు, కడప, నెల్లూరు దాన్ని లాక్కుపోతాయి. అప్పుడు స్వాతి నక్షత్రాల్లోకే పోవాలి, పత్రికల్లోకి జ్యోతి రావాలి. ఇంట్లో పదేళ్ల పిల్ల నుంచి బామ్మ దాకా అందరూ దీనిమీద వాదించుకోవచ్చు.

పత్రికల సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. రోజూ 16 తెలుగు మాటలు వేయండి. కూర్చినవారి పేరు కింద వేయండి. జవాబు మర్నాడు ఇవ్వండి, ఏ జట్టుకు ఏ కారణమో పక్కనే రాయండి. తాతలూ బామ్మలూ, పిల్లలు జట్టు కట్టగానే సంతోషించకండి. "ఏం సంబంధం?" అని అడగండి.