ఏ అండ్ పీ తప్పారా? ఇంట్లోవాళ్ళు వద్దనే సలహాలు ఇవి

అమెరికాలో నర్సింగ్ సీటు కావాలంటే ముందు కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ అండ్ ఫిజియాలజీ (ఏ అండ్ పీ) రెండు భాగాలు, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ లాంటివి గట్టెక్కాలి. చాలా కాలేజీలు వాటిలో కనీసం సీ గ్రేడ్ అడుగుతాయి. డీ వస్తే నర్సింగ్ అప్లికేషన్‌కి అది ఫెయిల్ కిందే లెక్క. పిల్లలు బడిబాట పట్టాక మళ్ళీ పుస్తకం తెరిచి, ఈ మెట్టు దగ్గరే ఆగిపోయిన మన ఆడవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇందులో ఏ ఒక్కటీ మీ ఇంట్లోవాళ్ళకు నచ్చకపోవచ్చు. అయినా చెబుతాను.

వేసవిలో మళ్ళీ తీసుకోకండి. "ఆలస్యం చేస్తే మర్చిపోతావు, వెంటనే కట్టెయ్" అని అందరూ తొందరపెడతారు. పదహారు వారాల్లో మింగుడుపడని సిలబస్‌ని వేసవిలో దాదాపు సగం రోజుల్లో కుక్కేస్తారు. పైగా చాలా నర్సింగ్ ప్రోగ్రామ్‌లు ఒక సబ్జెక్టును ఎన్నిసార్లు రాశారో లెక్కపెడతాయి. రెండోసారి కూడా తప్పితే కొన్నిచోట్ల అప్లికేషనే తీసుకోరు. మీ చేతిలో ఉన్న ఆ ఒక్క అవకాశాన్ని తొందరపాటుకి బలిపెట్టకండి. అప్లై చేయాలనుకున్న ప్రోగ్రామ్ రూల్సు ముందు చదవండి. పాత గ్రేడు తీసేస్తారా, రెండూ కలిపి సగటు చూస్తారా అన్నది కాలేజీని బట్టి మారుతుంది.

చదివే గంటలు పెంచకండి. ఇది వింటే మీ అమ్మగారు ఫోన్లోనే తిడతారని తెలుసు. మనకు చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య బట్టీ. ల్యాబ్ పరీక్షలో అది కొంత ఆదుకుంటుంది: బల్ల మీద ఎముక, దాని మీద ఒక స్టిక్కరు, కాసేపట్లో పేరు తప్పుల్లేకుండా రాసి పక్క బల్లకు జరగాలి. 206 ఎముకలనూ వల్లె వేయొచ్చు. థియరీ పేపర్ అలా లొంగదు. చనిపోయాక శరీరం ఎందుకు బిగుసుకుపోతుందని అడుగుతారు. మయోసిన్ తల యాక్టిన్‌ను పట్టుకోవడానికి కాదు, వదలడానికి ఏటీపీ అనే శక్తి అణువు కావాలని అర్థమైనవాళ్ళకే ఆ జవాబు వస్తుంది. అందుకని పుస్తకం మూసేయండి. తెల్లకాగితం మీద నరం నుంచి సంకేతం రావడం, కాల్షియం విడుదల కావడం, అది ట్రోపోనిన్‌కి అంటుకోవడం, కండరం ముడుచుకోవడం, అంతా బొమ్మగా గీయండి. పెన్సిల్ ఎక్కడ ఆగితే ఆ రోజుకి అదే పాఠం. ఇలా గంట చదివితే చాలు. హైలైటర్‌తో పేజీలన్నీ పచ్చగా చేసుకుంటూ రాత్రంతా కూర్చుంటే మిగిలేది నిద్రలేమే.

నర్సింగ్ కొనసాగించాలా, మానాలా అన్నది గ్రేడును అడగకండి. దీని గురించి మాత్రం గట్టిగా చెబుతాను. ఒక సెమిస్టర్ చదువు పక్కనపెట్టి సీఎన్ఏ (సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్) కోర్సు చేయండి. ఫెడరల్ రూలు ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ, చాలా రాష్ట్రాలు ఇంకా ఎక్కువ అడుగుతాయి. తర్వాత ఏదో ఒక నర్సింగ్ హోమ్‌లో పనికి చేరండి. "ఇంజినీరు భార్యవి, డైపర్లు మారుస్తావా?" అంటారు. మార్చండి. మంచం మీద ఉన్న మనిషిని నొప్పి తెలియకుండా పక్కకు తిప్పడం, ముద్ద మింగేదాకా ఓపిగ్గా కాచుకోవడం, కసిరినా మళ్ళీ చిరునవ్వుతో పలకరించడం, ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) అయినా ఇవి మిమ్మల్ని వదలవు. నడుము పట్టేసి ఇంటికొచ్చాక కూడా రేపు ఆ పెద్దాయన ఎలా ఉంటాడో చూడాలనిపిస్తే చదువు ఆపకండి. ప్రతి ఉదయం వెళ్ళబుద్ధి కాకపోతే ఏ అండ్ పీలో ఏ గ్రేడ్ తెచ్చుకున్నా సుఖం లేదు. పని చేసే అనుమతి లేని వీసా మీద ఉన్నవాళ్ళు హాస్పిటల్ వాలంటీర్ ప్రోగ్రామ్‌లు చూడండి.

సబ్జెక్టు తప్పేలా ఉందని సెమిస్టర్ మధ్యలోనే అనిపిస్తే గడువులోగా డ్రాప్ చేయడానికి సిగ్గుపడకండి. గ్రేడు బదులు డబ్ల్యూ (విత్‌డ్రా) పడితే జీపీఏ తగ్గదు. ఫైనాన్షియల్ ఎయిడ్ తీసుకుంటుంటే మాత్రం జాగ్రత్త, ఆ క్రెడిట్లు తీసుకున్నవాటి లెక్కలోనే ఉంటాయి. ముందు ఎయిడ్ ఆఫీసులో అడగండి.

మానేద్దామనే తేల్చుకున్నారా, మానేయండి. పెట్టిన ఫీజు చూసుకుని ఇంకో రెండేళ్ళు ఈడ్చకండి. ఇంగ్లీషు, స్టాటిస్టిక్స్ క్రెడిట్లు వేరే డిగ్రీల్లో పనికొస్తాయి, అడ్వైజర్‌తో కూర్చుని ఎక్కడ సరిపోతాయో చూసుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి: డెంటల్ హైజీన్‌కీ, రేడియాలజీ టెక్నాలజీకీ కూడా చాలాచోట్ల ఏ అండ్ పీ అడుగుతారు. అది తట్టుకోలేకే నర్సింగ్ వదిలేస్తుంటే, తేలిక దారి అని అటు దూకకండి.