తనకు పౌలు, పాలేరుకు యాకోబు

క్రియల మూలమున గాక విశ్వాసము మూలముననే మనుష్యుడు నీతిమంతుడుగా తీర్చబడుననుట క్రైస్తవలోకమున మహాసిద్ధాంతము. 1517 లో పాపపరిహార పత్రముల విక్రయమును ధిక్కరించిన మార్టిన్ లూథరు, రోమీయులకు పౌలు వ్రాసిన పత్రికనుండి దీనిని గ్రహించి ప్రకటింపగా ఐరోపా రెండుగా చీలెను. ఆ చీలికపై రోము సంఘమును లూథరన్లును ఉమ్మడి ప్రకటనకు చేవ్రాలు చేయుట 1999 అక్టోబరు 31 న, ఆగ్సుబర్గు నగరమున గాని జరుగలేదు. మెథడిస్టులు 2006 లో అందు చేరిరి. పండితులను శతాబ్దములపాటు వేధించిన ఇట్టి చిక్కును బీదరు జిల్లా బగ్దల్ ప్రాంతమున, ఏ పేరున పిలిచినను పలుకగల ఒక భూస్వామి, ఆదివారము ఆరాధన ముగిసి భోజనమునకు కూర్చుండులోపల విప్పివేయుచున్నాడు.

ఆయన పద్ధతి సులభము. కొలిచి తీసికొనుట కొక మానిక, కొలిచి యిచ్చుట కొక మానిక యున్నట్లు, ఆయనకు అపొస్తలులును ఇద్దరు: తన విషయమున పౌలు, పాలేరు విషయమున యాకోబు. తన క్రియలను లెక్కింపరాదు, అచట విశ్వాసమే ప్రమాణము. కూలివాని విశ్వాసమును లెక్కింపరాదు, అచట క్రియలే ప్రమాణము. మినుము కోసినవాడు గుమ్మము కడ నిలిచి, “పటేలా, మూడొద్దుల కూలి...” అని నసిగినచో, “శుక్రారం వానకు సగం పూట చెట్టుకింద నిలబడితిరి గద, దానికి గూడ కూలెందుకురా?” అని, చేతిలోని బైబిలును చంకకు మార్చి, వేళ్లు ముడిచి లెక్క మొదలుపెట్టును.

ఈ జిల్లాలోనే, పన్నెండవ శతాబ్దమున, కళ్యాణమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులు కాయకమును, అనగా ఒడలు వంచి చేయు పనిని, పూజగా నెంచిరి. ఆ మాట యెత్తినచో అన్యుల బోధయని మనవాడు చెవులు మూసికొనును. కూలివాని కాయకము పట్ల మాత్రము ఆయన భక్తి అపారము. పోనిమ్ము, తన మెథడిస్టు సంఘమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ నైనను వినునా? 1738 మే 24 న, రోమా పత్రికకు లూథరు వ్రాసిన పీఠికను చదువుచుండగా విని హృదయము వెచ్చనైనదన్న ఆ మహాశయుడే, 1743 లో, ఎవరికిని కీడు చేయరాదనియు, శక్తికొలది మేలు చేయవలెననియు తన వారికి నియమములు వ్రాసిపెట్టెను. మనవానికిని హృదయము వెచ్చబడినది. పిడికిలి మాత్రము గడ్డకట్టినది.

దోషము సిద్ధాంతమునందు లేదు. కృప విస్తరించునని పాపమునందు నిలిచియుండవచ్చునా యని తానే ప్రశ్నించుకొని, కూడదని పౌలే ఖండించెను. యాకోబు పత్రిక అయిదధ్యాయములే గదా. క్రియలు లేని విశ్వాసము మృతమను రెండవదానిని కూలివానికి వినిపించుటకై కంఠస్థము చేసినవాడు, చేలు కోసినవారి కూలి బిగబట్టిన ధనవంతులను గద్దించు అయిదవదానికి రాగానే పుస్తకము మూయునేల? నీతి ఉచితముగా లభించునని పౌలు చెప్పిన మాట సత్యమే. మినుపకోత ఉచితమని ఆయన ఎచ్చటను చెప్పలేదు.