డేటా వేర్‌హౌసింగ్ నేర్చుకోవాలా? ముందు సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్ళకండి

ఇంజనీరింగ్ పూర్తిచేసి పెనుగంచిప్రోల్లోనో, నందిగామలోనో ఇంటిపట్టున ఉన్న పిల్లలు అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. ఇన్ఫర్మాటికా నేర్చుకుంటే మంచిదా, స్నోఫ్లేకా, పవర్ బీఐయా, దేనికెంత అవుతుంది? నేను చెప్పేది అందరూ చెప్పేదానికి తలకిందులుగా ఉంటుంది. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్ళు దాన్నే పాటించాలని గట్టిగా నమ్ముతున్నాను.

మొదటి రెండు మూడు నెలలు ఖరీదైన సాఫ్ట్‌వేర్ దేన్నీ ముట్టుకోకండి. బోర్డు మీద పేరు చూసి కోర్సులో చేరకండి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల హైపీరియన్, బిజినెస్ ఆబ్జెక్ట్స్, కాగ్నోస్ అంటూ పేరుకో కోర్సు చెప్పిన కాలం ఉంది. 2007లో హైపీరియన్‌ను ఒరాకిల్ కొనేసింది. బిజినెస్ ఆబ్జెక్ట్స్‌ను కొంటున్నట్టు శాప్, కాగ్నోస్‌ను కొంటున్నట్టు ఐబీఎం అదే ఏడాది ప్రకటించాయి. మొన్న 2025లో ఇన్ఫర్మాటికా సేల్స్‌ఫోర్స్ చేతికి వెళ్ళింది. యజమానులు మారుతూనే ఉంటారు, బటన్ల చోటు మారుతూనే ఉంటుంది. 1986లో ప్రమాణంగా స్థిరపడిన ఎస్‌క్యూఎల్ భాష మాత్రం ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటి అడుగున నేటికీ పనిచేస్తోంది. ఫీజు కట్టకుండా నేర్చుకోగలిగిందీ అదే.

ఎస్‌క్యూఎల్ కంటే ముందు కూడా పని ఉంది. తెలిసినవాళ్ళ కొట్టుకు వెళ్ళి, అడిగి, పాత చిట్టా పుస్తకం తెచ్చుకోండి. ఒక తెల్ల కాగితం మీద ఒకే ప్రశ్న రాయండి: నా పట్టికలో ఒక్కో వరుస దేనికి లెక్క? మిర్చి కాటా అయితే ఒక్కో బస్తాకా, ఒక్కో రైతు తెచ్చిన సరుకంతటికా, ఒక్కో లారీకా? బస్తాకో వరుస రాస్తే లారీ లెక్క ఎప్పుడైనా తీయొచ్చు. లారీకో వరుస రాశారా, ఏ రైతు బస్తా ఎంత తూగిందో ఇక ఎవరూ చెప్పలేరు. ఈ పరిశ్రమలో గ్రెయిన్ అనేది దీన్నే. ఇక్కడ తప్పితే తర్వాత ఎన్ని లక్షల సాఫ్ట్‌వేర్ కొన్నా సరిదిద్దలేరు.

అమ్మకాల పట్టిక తర్వాత. ముందు తేదీల పట్టిక తయారు చేయండి. రోజుకో వరుస చొప్పున, పంచాంగం పక్కన పెట్టుకుని చేత్తో నింపండి. చేత్తో ఎందుకంటే, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి పెద్ద తిరునాళ్ళ మాఘ పౌర్ణమికి వస్తుంది. ఆ పౌర్ణమి 2024లో ఫిబ్రవరి 24న పడింది, 2025లో 12న, 2026లో ఒకటో తేదీనే. గుడి దగ్గర కొబ్బరికాయల కొట్టు తిరునాళ్ళ కోసం దింపుకునే సరుకు ఒక ఏడాది ఫిబ్రవరి లెక్కలో, ఇంకో ఏడాది జనవరి లెక్కలో పడుతుంది. నెలకు నెల పోల్చే రిపోర్టు చూస్తే జనవరిలో కొనుగోళ్ళు ఎగబాకినట్టు, ఫిబ్రవరిలో కూలిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి కొట్టులో ఏ మార్పూ లేదు. 2026లో అధిక జ్యేష్ఠం కాబట్టి 2027లో ఆ పౌర్ణమి మళ్ళీ ఫిబ్రవరి 20కి జరుగుతుంది, రిపోర్టు మళ్ళీ బోల్తా పడుతుంది. తేదీల పట్టికలో తిథికి ఒక కాలమ్, తిరునాళ్ళకు ఎన్ని రోజుల ముందో వెనకో చెప్పే కాలమ్ ఇంకొకటి పెట్టండి. అప్పుడు తిరునాళ్ళకు వారం ముందు అమ్మకాలను నిరుడు తిరునాళ్ళకు వారం ముందు అమ్మకాలతో పోల్చవచ్చు. అమెరికాలో తయారైన ఏ సాఫ్ట్‌వేరూ ఈ కాలమ్‌ను తనంతట తాను పెట్టదు. మన వైపు పిల్లలకు ఉన్న అసలు బలం ఇక్కడే ఉంది, దాన్ని వాడుకోకపోతే నాకు బాధేస్తుంది.

తర్వాత ఊళ్ళ పట్టిక. పెనుగంచిప్రోలు, పెనుగ్రంచిప్రోలు రెండూ ఒకే ఊరని కంప్యూటర్‌కు తెలియదు, మీరే చెప్పాలి. జిల్లా కాలమ్ అంతకంటే మంచి పాఠం. పెనుగంచిప్రోలు మండలం 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, అంతకుముందు కృష్ణా జిల్లా. కృష్ణా అన్న మాట చెరిపి ఎన్టీఆర్ అని రాసేస్తే, 2019 నాటి కృష్ణా జిల్లా మొత్తం ఉన్నట్టుండి తగ్గిపోతుంది, ఎన్టీఆర్ జిల్లాకు అది పుట్టకముందే లెక్కలు పుట్టుకొస్తాయి. అందుకని పాత వరుసను అలాగే ఉంచి, దానికి ముగింపు తేదీ వేసి, కొత్త జిల్లాతో రెండో వరుస రాయాలి. రాల్ఫ్ కింబాల్ దీనికి టైప్ 2 అని పేరు పెట్టాడు. ఆయన పుస్తకం ‘ది డేటా వేర్‌హౌస్ టూల్‌కిట్’ మొదట 1996లో వచ్చింది. ఏ పుస్తకంలో ఏ ఉదాహరణ ఉన్నా, మన మండలంతో చేసి చూస్తే అది జన్మలో మరిచిపోరు.

శుభ్రంగా సర్దిన ప్రాక్టీసు డేటా వెతుక్కోకండి. ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో మార్కెట్ యార్డుల ధరలు ఉచితంగా దొరుకుతాయి, వాటితో కుస్తీ పట్టండి. ఒక రోజు 10 క్వింటాళ్ళు 20,000 చొప్పున, మర్నాడు 90 క్వింటాళ్ళు 15,000 చొప్పున అమ్ముడయ్యాయనుకుందాం. రెండు ధరలు కూడి సగం చేస్తే 17,500. రైతులందరికీ కలిపి నిజంగా వచ్చిన సగటు 15,500. క్వింటాకు 2,000 తేడా! ధరలను అలా కూడకూడదు, సరుకు బరువుతో కలిపే లెక్క తీయాలి.

కంప్యూటర్ తెరిచే రోజు వచ్చాక కూడా అతి చిన్న ఎడిషన్‌నే ఎంచుకోండి. ఒరాకిల్ ఉచిత ఎడిషన్‌లో డేటాకు పరిమితి 12 జీబీ. వరుసకు 100 బైట్లు వేసుకుంటే కోటి వరుసలకు పట్టేది 1 జీబీ. మన వైపు ఏ కొట్టు లెక్కయినా అందులో ఇమిడిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్ 2016 నుంచి ఉచితం. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ సదుపాయాలు అందులో ఉంటాయి, కానీ నేర్చుకోవడానికీ పరీక్షించడానికీ మాత్రమే వాడాలి, దాని మీద వ్యాపారం నడపకూడదు. పవర్ బీఐ డెస్క్‌టాప్‌కు కూడా పైసా అక్కర్లేదు. ఇవి ఉండగా దొంగ కాపీల కోసం తిరగడం దండగ. టాబ్లో పబ్లిక్ ఉచితమే కానీ, అందులో పెట్టింది లోకమంతా చూస్తుంది. కొట్టువాళ్ళ పద్దులు అక్కడ పెట్టొద్దు.

30 రోజుల ట్రయల్ కనిపించగానే నొక్కేయకండి. పైన చెప్పిన పట్టికలన్నీ సిద్ధమయ్యాకే మొదలుపెట్టండి. మొదటి రోజే అన్నీ ఎక్కించి, వచ్చిన మొత్తాలను కాగితం మీది మొత్తాలతో సరిచూడండి. రూపాయి తేడా వచ్చినా కొత్త మెనూల వెంట తిరగకుండా, మిగతా రోజులన్నీ ఆ రూపాయి ఎక్కడ పోయిందో వెతకడానికే వాడండి.