ఘాటెక్కని కారుకు టీకా తాత్పర్యం

అవతారిక: విశాఖ నుంచి శృంగవరపుకోట మీదుగా అరకుకు సకుటుంబంగా బయలుదేరిన ఒకానొక కారు యజమాని, అనంతగిరి ఘాట్‌లో సగం దారిలోనే వెనక్కి మళ్లి, మర్నాడు షెడ్డులో మేస్త్రీ ఎదుట నిలబడి ఇట్లు విన్నవించుకొనుచున్నాడు.

ఆ. చదును దారి మీద చక్కగా పరుగెత్తి
ఘాటు రోడ్డు చూడఁ గాళ్లు పీకు
రంకె వేయు గాని రవ్వంత కదలదు
చెప్పుమన్న దీని చిక్కదేమొ

ప్రతిపదార్థం: అన్న = ఓ మెకానిక్కు అన్నా! (వయసులో చిన్నవాడైనా బానెట్ ఎత్తినవాడు అన్నే); చదును దారి మీద = శృంగవరపుకోట దాకా; చక్కగా పరుగెత్తి = ఏ.సి. వేసుకుని, ఐదుగురిని ఎక్కించుకుని హాయిగా పోయి; ఘాటు రోడ్డు = కొండను చుట్టుకుంటూ లేచే దారిని; చూడన్ = చూడగానే; కాళ్లు పీకున్ = నొప్పులంటుంది (పికప్ పోతుందని భావం); రంకె వేయున్ = ఇంజను అరుస్తుంది, ఆర్‌పీఎం ముల్లు లేస్తుంది; కాని = అయినప్పటికీ; రవ్వంత = ఆవగింజంతైనా; కదలదు = ముందుకు పోదు; దీని = వాయిదాలు ఇంకా తీరని ఈ కారు యొక్క; చిక్కు + అది + ఏమొ = ఆ తిప్పలేమిటో; చెప్పుము = సెలవియ్యి (ఎంతవుతుందో కూడా చెప్పమని ధ్వని).

తాత్పర్యం: "అన్నా, ప్లెయిన్‌లో బాగానే పోతోంది. ఘాట్‌లో లాగట్లేదు. కొంచెం చూడు."

విశేషాలు: ఇది ఆటవెలది. యతులన్నీ చెల్లాయి, చెల్లనిది వారంటీ ఒక్కటే. చూడన్ + కాళ్లు = చూడఁగాళ్లు, సరళాదేశ సంధి. పరుషంగా బయలుదేరిన బండి కొండ దగ్గర సరళమైపోయిందని కవి సంధి ద్వారా కూడా సూచించాడు. రసం ఘాట్‌లో కరుణం, వెనక బస్సు హారన్ కొట్టినప్పుడు రౌద్రం, బిల్లు చేతికొచ్చాక అద్భుతం.

పూర్వపక్షం: "కొండ మీద గాలి పలచన, అందుకే ఇంజనుకు ఊపిరాడదు" అని టీ కొట్టు వ్యాఖ్యాతలు. ఇది పూర్తిగా తప్పు కాదు. టర్బో లేని ఇంజను ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు సుమారు 10 శాతం శక్తి కోల్పోతుంది. అయితే అరకు లోయ ఎత్తు దాదాపు 900 మీటర్లే. పదో వంతు పోయినంత మాత్రాన బండి ఆగదు. పైగా అదే గాలి పీల్చి అదే మోడల్ కార్లు పక్క నుంచి దాటిపోతున్నాయి గదా! కాబట్టి ఈ పక్షం నిలవదు.

సిద్ధాంతం: పదికి ఒకటి లేచే వాలులో వెయ్యి కిలోల బండి గంటకు 40 కిలోమీటర్ల వేగం నిలుపుకోవాలంటే, కేవలం ఎత్తు ఎక్కడానికే దాదాపు 15 హార్స్‌పవర్ అదనంగా కావాలి. చదును మీద అదే వేగానికి అందులో సగం కూడా అక్కర్లేదు. అంటే రోగం చదునులోనూ ఉంది. గట్టిగా అడిగేవాడు లేక బయటపడలేదు. షెడ్డులో నిలబెట్టి ఇంజను రేస్ చేస్తే అంతా బాగున్నట్టే కనిపించడానికీ కారణం ఇదే.

పాఠాంతరం: మూడో పాదానికి "రంకె వేయ దింక రవ్వంత కదలదు" అని ఇంకొక పాఠం కలదు. ఛందస్సుకు రెండూ సమానమే. జేబుకు మాత్రం కావు.

"రంకె వేయు గాని" అన్నది సరైన పాఠమైతే ఇంజను నిర్దోషి. అది పుట్టించిన శక్తి చక్రాల దాకా చేరడం లేదు. మూడో గేరులోనో నాలుగో గేరులోనో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ముల్లు ఎగిరి, వేగం ఉన్నచోటే ఉంటే క్లచ్ జారుతోందని నిర్ణయం. కాలిన వాసన ఇందుకు ఉపప్రమాణం. క్లచ్ పెడల్ మీద పాదం ఆనించి నడపడం, వాలులో హ్యాండ్‌బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్ మీద బండిని నిలపడం దీనికి హేతువులు. గేర్‌బాక్స్ ఎలాగూ దించాలి గనుక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి మార్చడం పెద్దల మతం. ప్లేటు మీద ఆయిల్ పడి ఉంటే, కారుతున్న సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేయరాదు.

"రంకె వేయదింక" అన్న పాఠమైతే దోషం ఇంజను ఊపిరిలో ఉంది. ఇక్కడ తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చుకు పోవడం శాస్త్రం. మొదట ఎయిర్ ఫిల్టర్, టర్బో ఉంటే దాని గొట్టాలు. తరవాత ఫ్యూయల్ ఫిల్టర్: సగం పూడుకున్న ఫిల్టర్ చదునుకు సరిపడా ఇంధనం వదులుతుంది, ఘాట్ అడిగినంత వదలలేదు. అది బాగుంటే పంపు ఒత్తిడిని గేజి పెట్టి చూడాలి, అదీ ఇంజను మీద భారం ఉండగా. పెట్రోలు బండి మిస్సింగ్ కొడుతుంటే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్. చివరగా సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్. మిస్సింగ్‌తోనే నెలల తరబడి తిరిగితే కాలని పెట్రోలు అందులోకి పోయి మండుతుంది. లోపలి దిమ్మ కరిగి పొగ దారి మూసుకుపోతుంది. మిస్సింగ్ మాన్పకుండా కొత్త కన్వర్టర్ వేస్తే దానికీ అదే గతి.

ఆక్షేపణ: "స్కానర్ ఉండగా ఇంత చర్చ ఎందుకు?" సమాధానం: స్కానర్ వాక్యం శ్రుతి కాదు, స్మృతి మాత్రమే, కంప్యూటర్ గుర్తుంచుకున్నదే చెబుతుంది. P0300 కోడ్ అంటే మిస్సింగ్ ఉందని అర్థం గాని ప్లగ్గు పోయిందని కాదు. P0087 అంటే ఇంధనం ఒత్తిడి తక్కువని. ఫిల్టరా, పంపా అన్నది మేస్త్రీ తేల్చాలి. పైగా అరిగిన క్లచ్ ప్లేటుకు చాలా బండ్లలో ఏ కోడూ రాదు.

ఫలశ్రుతి: పాఠకులారా, షెడ్డుకు వెళ్లినప్పుడు పద్యం చెప్పనక్కర్లేదు. ముల్లు లేచిందా లేదా, ఏ గేరులో, ఇంజను వేడెక్కాకేనా, వాసన వచ్చిందా, ఇవి చెప్పండి చాలు. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని దగ్గర్లోని కొండ ఎక్కించండి. విశాఖ వారికి సింహాచలం ఉండనే ఉంది. ముల్లు లేస్తే క్లచ్, లేవకపోతే ఊపిరి. ఈ రెండు పాఠాల్లో ఏది సరైనదో తేల్చకుండా పానా పట్టే మేస్త్రీకి తాళం చెవి ఇవ్వకండి.