ఆడితే పన్ను, ఆడకుంటే చందా

ఒళ్లు అలవని ఆట క్రీడే కాదని ఇంగ్లండు సర్కారు లెక్క. అందుకే అక్కడ చదరంగానికి క్రీడ హోదా లేదు. ఆ లెక్క కట్టినవాళ్లు చదరంగం క్లబ్బు కోశాధికారిని చూసి ఉండరు. ఎవరు ఎన్ని ఆటలాడారో, ఎవరు ఎంత బాకీయో తేల్చేటప్పుడు ఆయన కార్చే చెమటకు ఒలింపిక్ పతకం ఇవ్వచ్చు.

2012 దాకా అక్కడ ఆటకింత అని వసూలు. వారం మధ్యలో పబ్బు మేడమీదో, చర్చి హాల్లోనో రెండు జట్లు కూర్చుంటాయి. ఆటగాళ్ల స్థాయిని లెక్కకట్టే గ్రేడింగుకు వెళ్లిన ప్రతి ఫలితానికీ అక్కడి చదరంగం ఫెడరేషన్‌కు కొన్ని పెన్నీలు ముట్టాలి. ఆట పిచ్చి ఎంత ముదిరితే బిల్లు అంత. వారానికి మూడు రాత్రులు ఆడేవాడు సంస్థను పోషిస్తాడు. ఏడాదికోసారి సమావేశానికొచ్చి గొంతు సవరించుకునేవాడు దాన్ని ఏలుతాడు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వ గ్రాంటూ ఆగిపోయింది. ఫెడరేషన్ పెద్దలకు జ్ఞానోదయమైంది: పన్ను ఆటమీద కాదు, ఆటగాడి మీద వెయ్యాలి! కంచు, వెండి, బంగారం, ప్లాటినం అంటూ సభ్యత్వానికి నాలుగు మెట్లు కట్టారు. రాజుకు చెక్ చెప్పడం చేతకానివాడైనా సరే, చెక్కు రాస్తే బంగారు సభ్యుడు.

ఏడాదికి ఎనభై ఆటలాడేవాడికిది పండగే. మెస్సులో నెల టిక్కెట్టు కొన్నవాడిలా మారు వడ్డించుకోవచ్చు. మరి జట్టులో ఆరో బోర్డువాడికి జ్వరమొస్తే, బదులు ఆడమని కబురందే పెద్దాయన సంగతి? ఏడాదికి ఆయనాడేది రెండే ఆటలు, రెండూ ఓటమే. చందా మాత్రం పూర్తిగా కట్టాలి. ఆయన ఇంట్లోనే టీ తాగుతానంటాడు. బోర్డు ఖాళీ, పాయింటు అవతలి జట్టుకు ధారాదత్తం. ‘ఒకసారి ఆడి చూస్తా’నని వచ్చిన కుర్రాడి చేతికేమో సభ్యత్వ పత్రం. పెళ్లిచూపులకొచ్చినవాడికి తాళిబొట్టు అందించినట్టు.

దీనికీ విరుగుడు కనిపెట్టారు. సభ్యుడు కానివాడు ఆడితే ఆ ఆటకు విడిగా రుసుము! వీధి గుమ్మంలోంచి సాగనంపిన ఆట రుసుము పెరటి గుమ్మంలోంచి తిరిగొచ్చి పీట వేసుకుంది. అలా ఇంట్లో సవతులిద్దరూ చేరారు.

2023లో సర్కారుకు ఉన్నట్టుండి చదరంగమ్మీద ప్రేమ పుట్టింది. మేటి ఆటగాళ్ల కోసం ఫెడరేషన్‌కు రెండేళ్లలో 5 లక్షల పౌండ్లు, పార్కుల్లో 100 చదరంగం బల్లలు ప్రకటించింది. వానలో తడిసే బల్లకు ఖజానా ఉంది. పబ్బు మేడమీద గది అద్దెకు మాత్రం చందా కట్టే పాత బంటే దిక్కు. ముందుకే తప్ప వెనక్కి నడవలేని బంటు గనక దొరికిపోయాడు.

నాదొక మనవి. ఆటమీదా వద్దు, ఆటగాడి మీదా వద్దు. రుసుము గురించి చేసే ప్రసంగాల మీద వెయ్యండి, నిమిషానికింత అని. ఒక్క సర్వసభ్య సమావేశంతో పెట్టె నిండుతుంది. లీగులన్నీ ఉచితంగా నడుస్తాయి. కోశాధికారికి చెమటా పట్టదు. కాకపోతే ఒక్కటే చిక్కు: ఆ చెమట కూడా పోతే, చదరంగం క్రీడ అని చెప్పుకోవడానికి ఉన్న ఒక్క రుజువూ పోతుంది.