కారు రెడీ, ట్యాంకే తరువాయి

ఏ డిజైన్ కాలేజీ ప్రదర్శనకు వెళ్లినా ఈ కారు తగులుతుంది. 2040 నాటి బుల్లి హైడ్రోజన్ కారు. తలుపులు పైకి లేస్తాయి. స్టీరింగ్ ఉండదు. వెనక గొట్టంలోంచి నాలుగు నీటి చుక్కలు రాలుతుంటాయి. పక్కన పెద్దక్షరాలతో ‘కాలుష్యం సున్నా’. గీసిన కుర్రాణ్ణి ఏమీ అనను, ఊహించడం వాడి హోంవర్కు. మెడలో పతకం వేసి చప్పట్లు కొట్టే పెద్దమనుషులతోనే నా పేచీ.

బొమ్మలో అన్నీ ఉన్నాయి, ట్యాంకు తప్ప. మన వంటింటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ పడుతుంది. అంతే చోటులో హైడ్రోజన్‌ను 700 బార్ల ఒత్తిడితో కుక్కినా కిలోన్నర పట్టదు. ఆ ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి దాదాపు 300 రెట్లు. దాన్ని ఆపాలంటే కార్బన్ ఫైబర్ చుట్టిన మందపాటి ట్యాంకులు కావాలి. టయోటా అంతటి కంపెనీ ఇప్పటి మిరాయ్‌లో 5.6 కిలోల కోసం మూడు ట్యాంకులు పెట్టింది. ఆ కారు పొడవు దాదాపు 5 మీటర్లు. మనవాడు 3 మీటర్లలో ముగించి, మిగిలిన చోట కాఫీ బల్ల కూడా వేశాడు!

ఇక ఆ నీటి చుక్కలు. గొట్టం దగ్గర నీరే, కాదనను. కానీ నేడు ప్రపంచంలో హైడ్రోజన్ చాలామటుకు సహజవాయువు, బొగ్గుల నుంచే వస్తోంది. పొగ ఎక్కడికీ పోలేదు, ఫ్యాక్టరీకి మకాం మార్చిందంతే. పోనీ, కరెంటుతో నీటిని విడగొడదామా? కిలోకు 50 యూనిట్ల పైమాటే. కారులో ఆ హైడ్రోజన్‌తో మళ్లీ కరెంటు చేస్తే చేతికొచ్చేది 20 యూనిట్ల లోపే. అదే కరెంటును నేరుగా బ్యాటరీకెక్కిస్తే పోయేదానికి ఈ కాశీయాత్ర దేనికో!

అప్పుడే పుట్టిన బిడ్డ నడిపే మొదటి కారు హైడ్రోజన్‌ది కావచ్చని 2003లో అమెరికా అధ్యక్షుడు బుష్ ఊరించారు. ఆ బిడ్డల ఈడువాళ్లే ఇప్పుడు కాలేజీల్లో కూర్చుని 2040 కారు గీస్తున్నారు. ఈలోగా కాలిఫోర్నియాలో షెల్ 2024లో తన కార్ల హైడ్రోజన్ బంకులను మూసేసింది. మన కేంద్ర మంత్రి గడ్కరీగారు మాత్రం 2022లో మిరాయ్ ఎక్కి పార్లమెంటుకు వెళ్లారు. ఫొటోలు బాగా వచ్చాయి.

హైడ్రోజన్ వద్దని కాదు. ఎరువులకు, రిఫైనరీలకు అది లేనిదే గడవదు. అనకాపల్లి జిల్లా పూడిమడకలో రాబోయే గ్రీన్ హైడ్రోజన్, అంటే సౌర, పవన విద్యుత్తుతో తీసేది, అటు పోతే మేలే.

జడ్జిగార్లకు ఒక్క మనవి. ఈసారి పతకం తీసేముందు తలుపులు లేచే తీరు చూడటం చాలించి, డిక్కీ తెరిపించండి. ట్యాంకు ఎక్కడో చూపించమనండి.